నాలుగో అతుకు

అక్క బస్సు డ్రైవరు. మొదటి ట్రిప్పు ఆరింటికి. అందుకని ఆ ఇంట్లో ఐదింటికే టీ మరుగుతుంది. చెల్లెలు కూడా అదే వేళకి లేచి, వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచి, కళ్లజోళ్ల షాపు తలుపులు తీసేలోపు దొరికే ఆ నాలుగు గంటల్లో తన రెండో ఉద్యోగం చేసుకుంటుంది. జీతం లేని ఉద్యోగం. తొమ్మిదేళ్లుగా చేస్తోంది.

ఒక కంప్యూటర్‌లోకి నెట్ నుంచి ఎంత సమాచారం వచ్చింది, దాన్నుంచి ఎంత బయటికి పోయింది అన్నది గంటగంటకీ కొలిచి పట్టికగా చూపే చిన్న సాఫ్ట్‌వేర్ అది. రాసినాయన ఎక్కడో వేరే దేశంలో ఉంటాడు. ఆయన రాసిన దాన్ని తెచ్చి, ఉచితంగా దొరికే ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌కి సరిపడేలా అమర్చి, ఎవరైనా ఒక్క ఆదేశంతో తమ కంప్యూటర్‌లో పెట్టుకోగలిగేలా ప్యాకేజీ కట్టి పంపడం చెల్లెలి పని. కొత్త వెర్షన్ వస్తే పరీక్షించాలి. కింద సిస్టమ్ మారితే పైన దీన్ని సర్దాలి. ఎక్కడన్నా చెడితే వచ్చే ఫిర్యాదులు చదవాలి. అది ఎన్ని వేల కంప్యూటర్లలో నడుస్తోందో ఆమెకి తెలియదు. బాగా నడిచినన్నాళ్లూ ఎవరూ ఉత్తరం రాయరు.

ఆ సోమవారం ఒక ఫిర్యాదు వచ్చింది. వచ్చిన గంటకే మూతపడింది కూడా.

మూసినవాడు ఆమెతో పాటు ప్యాకేజీ చూసుకునే మనిషి, ఆమె కన్నా నాలుగేళ్లు పెద్దవాడు. ఫిర్యాదుల పేజీని ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంటాడని అందరూ అతన్ని చీపురు అంటారు. అతనూ సంతకంలో అదే పెట్టుకున్నాడు. ఫిర్యాదు కింద అతను ఒకే వాక్యం రాశాడు: "ఇది సాఫ్ట్‌వేర్ లోపం కాదు, మీ ఆఫీసు గొడవ. మూసేస్తున్నాం."

చెల్లెలు ఫిర్యాదు చదివింది.

"ఇక్కడ రాయవచ్చో లేదో తెలియదు. తప్పయితే క్షమించండి. నేను ఒక కాలేజీ లైబ్రరీలో పాత పుస్తకాలని స్కాన్ చేసే పనిలో ఉన్నాను. పదకొండేళ్ల నుంచి. నా బల్ల మీది కంప్యూటర్ నుంచి పోయిన ఆదివారం ముప్పై నాలుగు గిగాబైట్లు బయటికి పోయాయని మీ సాఫ్ట్‌వేర్ చూపిస్తోందట. స్కాన్ చేసిన పుస్తకాలన్నీ నేను బయటివాళ్లకి పంపేశానని అంటున్నారు. ఆదివారం లైబ్రరీ తెరవరు. నేను మా ఆడపడుచు వాళ్లింట్లో ఉన్నాను. ఇంట్లో కూర్చుని కూడా పంపవచ్చు అంటున్నారు. నాకు అదెలాగో కూడా తెలియదు. శుక్రవారం కమిటీ ముందుకి రమ్మన్నారు. ఆ అంకె నిజమేనా అని అడగడానికి నాకు ఇంకెవరూ కనిపించలేదు."

కింద పట్టిక ఫొటో ఉంది. ఫోన్‌తో తీసింది, కాస్త వంకరగా.

"ఏంటే, టీ చల్లారిపోతోంది," అంది అక్క చెప్పులు తొడుక్కుంటూ.

"ఒక్క నిమిషం."

"నీ ఒక్క నిమిషానికి నా బస్సు రెండు స్టాపులు దాటుతుంది."

చెల్లెలు నవ్వలేదు. ఫొటోని పెద్దది చేసి చూస్తోంది. పది గంటల వరుసలో 4.29 గిగాబైట్లు. పదకొండులో 4.29. పన్నెండులో 4.29. అలా సాయంత్రం ఐదు దాకా ఎనిమిది వరుసలు. పోయిన దాని గడిలో ఎంతుందో, వచ్చిన దాని గడిలోనూ అంతే ఉంది. మనిషి ఎవరైనా ఫైళ్లు పంపితే ఒక గంటలో ఎక్కువ పోతుంది, ఒక గంటలో తక్కువ పోతుంది. కొలిచి పోసినట్టు ఉండదు. ఆ రెండు గడులూ పక్కపక్కనే ఉన్నా లైబ్రరీలో ఎవరికీ వింతగా తోచలేదు.

ఆమె ఫిర్యాదుని మళ్లీ తెరిచి రాసింది: "రాసి మంచి పని చేశారు. నేను చూస్తున్నాను. మీ కంప్యూటర్‌కి నెట్ దేని ద్వారా వస్తుందో చెప్పగలరా? గోడ నుంచి వచ్చే తీగ నేరుగా పెట్టెలోకి వెళ్తోందా, మధ్యలో ఇంకేమైనా ఉందా?"

తర్వాత చల్లారిన టీ నిలబడే తాగేసి షాపుకి బయల్దేరింది.

*

షాపులో ఆమె పని వెనక గదిలో. ముందు గదిలో యజమాని జనాన్ని కూర్చోబెట్టి ఫ్రేములు చూపిస్తాడు. వెనక గదిలో ఆమె గుండ్రటి అద్దాన్ని లెన్సోమీటర్ కింద పెట్టి, పవర్ సరిచూసి, సరిగ్గా నడిమధ్యన సిరా చుక్క పెడుతుంది. ఆ చుక్క కంటిపాప ఎదురుగా రావాలి. అర మిల్లీమీటరు పక్కకి జరిగితే పెట్టుకున్నవాళ్లకి సాయంత్రానికి తలనొప్పి వస్తుంది, ఎందుకొచ్చిందో వాళ్లకి తెలియదు. చుక్క పెట్టాక అద్దాన్ని అరగదీసే చక్రానికి బిగిస్తుంది. నీళ్లు పడుతుంటే అంచు ఫ్రేము ఆకారానికి తగ్గుతూ వస్తుంది. చివర చేత్తో అంచు మొనదేలకుండా ఒక్కసారి రాస్తుంది.

మధ్యాహ్నం తిండి వేళకి లైబ్రరీ ఆవిడ జవాబు వచ్చింది. "మా పెట్టెకి తీగ పెట్టే చోటు విరిగిపోయిందండీ. అందుకని పక్కన బొటనవేలంత పరికరం ఒకటి గుచ్చి దానికి తీగ పెట్టారు. దాని దీపం అప్పుడప్పుడూ ఆరి వెలుగుతుంటుంది. రెండుసార్లు చెప్పాను, పని జరుగుతోందిగా అన్నారు." ఈసారి ఫొటో నిలువుగా తీసింది. పరికరం మీది అక్షరాలు చదవగలిగేలా ఉన్నాయి.

చెల్లెలు అన్నం గిన్నె పక్కన పెట్టి ముందు గదిలోకి వెళ్లింది. బిల్లులు కొట్టే కంప్యూటర్ వెనక్కి వంగి చూసింది. దానికీ అలాంటి చిన్న అడాప్టర్ ఒకటి గుచ్చి ఉంది. అదే రకం కాదు గానీ, లోపలి చిప్పు అదే.

"సార్, ఈ అడాప్టర్ ఒక్క రాత్రికి ఇస్తారా? రేపు పొద్దున్నే తెచ్చి పెట్టేస్తాను."

యజమాని కళ్లజోడు పైనుంచి చూశాడు. "ఇదేమన్నా గరిటా అమ్మా, పక్కింటివాళ్లకి ఇచ్చినట్టు ఇవ్వడానికి?"

"మూసేటప్పుడు తీసుకుంటాను. తెరిచేలోపు ఉంటుంది."

ఆయన సరే అనలేదు, కాదనలేదు. సాయంత్రం షట్టర్ దించేటప్పుడు మాత్రం అడాప్టర్‌ని తనే పీకి, కళ్లజోడు తుడిచే గుడ్డలో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు.

*

మంగళవారం పొద్దున అక్క వంటింట్లోకి వచ్చేసరికి చెల్లెలు అడాప్టర్ గుచ్చడం, పీకడం, మళ్లీ గుచ్చడం చేస్తోంది.

"ఏం చేస్తున్నావే?"

"చూడు. ఇది ఇప్పటిదాకా ఎంత పోయిందో చూపిస్తోంది కదా. పీకి పెట్టాను. ఇప్పుడు చూడు."

తెర మీద 4.29 కొత్తగా చేరింది. ఏమీ పంపలేదు, ఏమీ రాలేదు. అడాప్టర్ ఒక్క క్షణం ఆరి వెలిగింది, అంతే.

"దాని లోపల ఒక మీటరు ఉంటుంది అక్కా. నిండిపోతే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మన సాఫ్ట్‌వేర్ మాటిమాటికీ ఆ మీటరు చూస్తుంటుంది. ఇందాకటి కన్నా తక్కువ అంకె కనపడితే, ఓహో, నిండి చుట్టు తిరిగిందన్నమాట అనుకుని ఒక చుట్టంతా, అంటే 4.29 గిగాబైట్లు, కలిపేస్తుంది. ఇక్కడ అది చుట్టు తిరగలేదు. ఆరి వెలిగినప్పుడు సున్నా అయింది."

అక్క స్టూలు లాక్కుని కూర్చుంది. "ఇది మాకు జరిగిందే. ఒక బండికి కిలోమీటర్ల మీటరు కాలిపోతే కొత్తది బిగించారు. సున్నా నుంచి మొదలు. ఆ నెల కాగితాల్లో ఆ బండి తొమ్మిది లక్షల కిలోమీటర్లు తిరిగినట్టు వచ్చింది. డ్రైవర్ని పిలిచి, ఎక్కడికి పోయావయ్యా అని అడిగారు."

"ఏమన్నాడు?"

"చంద్రుడి దాకా వెళ్లొచ్చాను, దారిలో ఎవరూ ఎక్కలేదు అన్నాడు. మెమో ఇచ్చారు."

"మీటరు తప్పని చెప్పినా?"

"వెటకారం చేసినందుకు."

అక్క వెళ్లాక చెల్లెలు ఆ సాఫ్ట్‌వేర్ రాసినాయనకి ఉత్తరం రాసింది. తొమ్మిదేళ్లలో ఆయనతో మాట్లాడింది లేదు, ఉత్తరాలే. మర్యాదగానే రాసింది గానీ, లోపల ఉన్న కోపం అక్కడక్కడ బయటపడింది. మీటరు తగ్గగానే చుట్టు తిరిగిందని నమ్మేయడం పొరపాటు అని, దీని వల్ల ఒక మనిషి ఉద్యోగం ఊడేలా ఉందని, దయచేసి వెంటనే చూడమని రాసింది. అడుగు అడుగునా ఏం చేస్తే ఆ తప్పు వస్తుందో కూడా వివరించింది. అడాప్టర్‌ని గుడ్డలో చుట్టి, షాపు తెరవకముందే వెళ్లి నిలబడింది.

*

బుధవారం పొద్దున జవాబు ఉంది. ఆయన ఎప్పుడూ పొడుగ్గా రాయడు.

"మీరు చెప్పినట్టే చేశాను. నా దగ్గర ఆ తప్పు రావడం లేదు. నా కోడ్‌లో దీనికి ఒక కంచె ఉంది. మీటరు చూసే రెండు సార్ల మధ్య అర నిమిషం. ఆ అర నిమిషంలో ఆ తీగ మోయలేనంత అంకె వస్తే దాన్ని పారేస్తుంది. మీ ప్యాకేజీలో ఏమైనా మార్చారా చూడండి."

చెల్లెలు రెండుసార్లు చదివింది. తర్వాత ప్యాకేజీలోని అతుకుల జాబితా తెరిచింది. రాసినాయన కోడ్‌కి ఈ సిస్టమ్ కోసం తాము చేసుకునే చిన్న చిన్న మార్పులని అతుకులు అంటారు. మొత్తం ఏడు ఉన్నాయి. మొదటిది ఫైళ్లు ఎక్కడ దాచాలో చెప్పేది. రెండోది, మూడోది అక్షరదోషాలు దిద్దేవి. నాలుగోది తెరిచింది.

మూడే మూడు వరుసలు. కంచె తీసేసే మార్పు.

పైన వివరణ ఆమె రాసిందే. ఆరేళ్ల క్రితం తారీఖు. "వేగం ఎక్కువ ఉన్న తీగల మీద అసలు అంకెలు కూడా పోతున్నాయని ఫిర్యాదులు. కంచె తొలగించాం." అప్పుడు తొందరగా పరిష్కరించినందుకు పదిమంది మెచ్చుకుంటూ రాశారు. ఆ ఉత్తరాలు గుర్తొచ్చాయి. కంచె తీసేసే బదులు ఒక్కో తీగ వేగాన్ని బట్టి కంచె ఎత్తు మార్చి ఉండాల్సింది. ఆ రోజు అలా తోచలేదు. తోచినా ఒక వారం పని. తీసేయడానికి పది నిమిషాలు పట్టింది.

పొయ్యి మీద పాలు పొంగాయి. అక్క వచ్చి కట్టేసింది. చెల్లెలి మొహం చూసి గట్టు తుడిచింది.

"తప్పు ఆయనది కాదక్కా," అంది చెల్లెలు. "నాది. ఆరేళ్ల నుంచి నాది."

అక్క గుడ్డ పిండి ఆరేసింది. "అయితే నువ్వే సరిచేయగలవు కదా. ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు."

"నిన్న ఆయన మీద ఎగిరాను."

"దానికి వేరే రాయి. ముందు ఆ పిల్ల సంగతి చూడు." లైబ్రరీ ఆవిడ వయసు అక్కకి తెలియదు. ఆపదలో ఉన్న ఆడవాళ్లందరూ ఆమెకి పిల్లలే.

చెల్లెలు ఆ రోజు షాపుకి సెలవు పెట్టింది. తొమ్మిదేళ్లలో ప్యాకేజీ కోసం సెలవు పెట్టడం అదే మొదలు. కంచెని తిరిగి నిలబెట్టింది, ఈసారి తీగ వేగం చూసి దానంతటదే ఎత్తు మార్చుకునేలా. అక్క ఫోన్, పాత లాప్‌టాప్, బజారులో కొన్న కొత్త అడాప్టర్ అన్నీ బల్ల మీద పరిచి, తీగలు పీకుతూ పెడుతూ, ప్రతిసారీ నిజంగా ఎంత పంపిందో, తెర మీద ఎంత కనిపించిందో కాగితం మీద పక్కపక్కన రాసుకుంది. సాయంత్రం నాలుగింటికి డెబ్భై మూడో సారి కూడా రెండు అంకెలూ కలిశాయి. పెన్ను మూత పెట్టి, వేళ్లు విరుచుకుంది.

*

గురువారం పొద్దున చీపురు మెసేజ్ పెట్టాడు. మనిషి మంచివాడే, మనసులో ఏదీ దాచుకోడు.

"మేడం, బాగా కుదిరింది. విడుదల చేసేద్దాం. కానీ నోట్‌లో 'లెక్కింపు మెరుగుపరిచాం' అని రాస్తే చాలదా?"

"మెరుగుపరచలేదు కదండీ. నేను పాడుచేసిందాన్ని బాగుచేశాను."

"అది మనకి తెలుసు. బయటికి చెబితే ఆరేళ్ల అంకెలన్నీ అనుమానంలో పడతాయి. రేపటి నుంచి పేజీ నిండా ఫిర్యాదులే. ఊడ్చేది నేనే."

"నేనూ ఊడుస్తాను."

తర్వాత, "ఆవిడ ఉత్తరాన్ని నేను సరిగ్గా చదవలేదు మేడం. కమిటీ అన్న మాట చూసి మూసేశాను," అని రాశాడు. ఇంకో నిమిషానికి, "నోట్ మీ ఇష్టం వచ్చినట్టు రాయండి. కింద నా సంతకం కూడా పెట్టండి."

ఆమె రెండు రాసింది. ఒకటి విడుదల నోట్. రెండోది కమిటీకి ఉత్తరం. ఆ ఉత్తరాన్ని ఫిర్యాదు పేజీలోనూ పెట్టింది, లైబ్రరీ ఆవిడకి విడిగా కూడా పంపింది. అందులో ఈ అంకె ఎలా పుట్టిందో రాసింది. ఎనిమిది వరుసలూ ఒకేలా ఉండటం, వచ్చిందీ పోయిందీ సమానంగా ఉండటం చూడమంది. గంటకోసారి అప్‌డేట్ల కోసం కంప్యూటర్ నెట్‌ని కదిలించినప్పుడల్లా అడాప్టర్ ఆరి వెలిగి ఉంటుందని, అలా జరిగిందో లేదో కంప్యూటర్‌లో ఎక్కడ రాసి ఉంటుందో చెప్పింది. నా మాట నమ్మనక్కర్లేదు, ఈ నాలుగు పనులు మీరే చేసి చూడండి అంది. చివర్న, "ఈ తప్పు అసలు సాఫ్ట్‌వేర్‌లో లేదు. ఆరేళ్ల క్రితం నేను చేసిన మార్పు వల్ల వచ్చింది" అని రాసి, తన పూర్తి పేరు, ఇంటి చిరునామా, పనిచేసే చోటు, ఫోన్ నంబరు పెట్టింది.

రాసినాయనకి క్షమాపణ మూడు వాక్యాల్లో రాసింది. ఆయన ఒక్క వాక్యంలో జవాబిచ్చాడు: "మీ కొత్త కంచె నా దాని కన్నా బాగుంది, నాకూ ఇవ్వండి."

*

శుక్రవారం పదకొండున్నరకి చక్రం తిరుగుతుండగా ఫోన్ మోగింది. చక్రం దగ్గర ఫోన్ తీయకూడదని షాపు నియమం. ఆమె యజమాని వైపు చూసింది. ఆయన చక్రం స్విచ్ తనే ఆపాడు.

"లైబ్రరీ సిస్టమ్స్ ఆఫీసర్ని మాట్లాడుతున్నాను. కమిటీ ఇక్కడే కూర్చుని ఉంది. ఈ ఉత్తరం మీరే రాశారా?"

"నేనే సార్."

"మీది ఏ కంపెనీ?"

"కంపెనీ ఏమీ లేదండీ. ప్యాకేజీ నేను ఖాళీ సమయంలో చూసుకుంటాను. కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీస్తాను."

అటు ఎవరో ఏదో అన్నారు. ఇంకెవరో దగ్గారు.

"అంటే మీ సాఫ్ట్‌వేర్ చూపించేవన్నీ అబద్ధాలేనన్నమాట."

"అన్నీ కాదండీ. ఏవి అబద్ధమో ఎలా పట్టుకోవాలో రాశాను. అందులో రెండోది చేసి చూశారా?"

అవతలి మనిషి గొంతు తగ్గింది. "చేశాను. పొద్దున ఆవిడ బల్ల దగ్గరే కూర్చుని చేశాను. ఆ పరికరాన్ని మూడుసార్లు పీకి పెట్టాను. పన్నెండు పాయింట్ ఎనిమిది ఏడు చూపించింది. నేనేమీ పంపలేదు."

"అయితే ఆవిడా ఏమీ పంపలేదు సార్."

"అదే రాసుకుంటున్నాం." కాగితం తిప్పిన చప్పుడు. కుర్చీ జరిగిన చప్పుడు. ఆయన గదిలోంచి బయటికి వచ్చినట్టున్నాడు, వెనకటి మాటలు దూరమయ్యాయి. "ఇంకో సంగతి. పోయినేడాది మా బైండింగ్ విభాగంలో ఒకాయన చేత ఇలాగే రాజీనామా రాయించాం. ఇరవై ఒకటి పాయింట్ నాలుగు ఐదు. ఆ అంకె నాకు బాగా గుర్తు. పట్టిక తీసి కమిటీ ముందు పెట్టింది నేనే."

చెల్లెలు చేతిలో సగం అరిగిన అద్దం ఉంది. దాని అంచు మీది తెల్లటి పొడిని బొటనవేలితో తుడుస్తూ మనసులో లెక్క వేసింది. నాలుగు పాయింట్ ఇరవై తొమ్మిది, ఐదుసార్లు.

"ఆ పట్టిక ఉందా సార్?"

"దాచాను."

"పంపండి. అది కూడా రాస్తాను."

"అడగకముందే ఒప్పుకుంటున్నారా?"

"చూశాకే రాస్తాను. పట్టిక పంపండి."

ఫోన్ పెట్టేసింది. యజమాని అక్కడే నిలబడి ఉన్నాడు. సంగతి ఎంత అర్థమైందో తెలియదు గానీ, ముందు గదిలోకి వెళ్లి ఒక జత అద్దాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"వీటికి చుక్కలు నేను పెట్టాను, మొన్న మీరు రానప్పుడు. నాకు నమ్మకం కుదరట్లేదు. ఒకసారి చూడండమ్మా."

ఆమె లెన్సోమీటర్ కింద పెట్టి చూసింది. కుడిది సరిగానే ఉంది. ఎడమది ఒక మిల్లీమీటరు పక్కకి పోయింది. పాత చుక్క తుడిచి కొత్తది పెట్టింది. ఆయన తల ఊపి ముందుకి వెళ్లిపోయాడు.

*

బైండింగ్ ఆయన పట్టికలో ఐదు వరుసలు ఉన్నాయి, ఐదూ ఒకేలా. చెల్లెలు శనివారం పొద్దున రెండో ఉత్తరం రాసింది. మొదటిదాని కన్నా ఎక్కువసేపు పట్టింది. మొదటి ఉత్తరం వేళకి చేరింది. ఇది ఒక ఏడాది ఆలస్యం. ఆ మాట కూడా అందులో రాసింది.

సోమవారం పొద్దున లైబ్రరీ ఆవిడ ఫోన్ చేసింది. గొంతు వింటే యాభై దాటినట్టుంది. పనిలోకి వచ్చేయమన్నారని, కొత్త పెట్టె ఇస్తామన్నారని చెప్పి, ధన్యవాదాల దగ్గర తడబడింది.

"తప్పు నాదేనండీ," అంది చెల్లెలు. "మీరు నాకు ధన్యవాదాలు చెప్పడమేంటి?"

"మీరు చెప్పకపోతే ఎవరికి తెలిసేదమ్మా." ఆవిడ ఊపిరి తీసుకుంది. "ఆ బైండింగ్ ఆయన ఇంటికి నిన్న నేనే వెళ్లాను. లైబ్రరీ వాళ్లు కాగితం పంపుతారట గానీ, కాగితం కన్నా ముందు మనిషి వెళ్తే బాగుంటుందనిపించింది. మీ ఉత్తరం చదివి వినిపించాను."

"ఏమన్నారు?"

"ఏదో పుస్తకం కుడుతున్నాడు ఇంట్లో. దారం ముడి వేసి, కొరికి, అప్పుడన్నాడు. అంకె తప్పని నాకు ఆ రోజే తెలుసమ్మా, ఎవరికి రాయాలో తెలియలేదు అని. మళ్లీ పిలిస్తే వస్తారా అని అడిగాను. ఆలోచిస్తానన్నాడు."

అక్క వంటింటి గుమ్మంలో బ్యాగు భుజాన వేసుకుని నిలబడి వింటోంది. గడియారం ఆరుకి పది నిమిషాలు చూపిస్తోంది. ఆమె కదల్లేదు.

ఫోన్ పెట్టేసి చెల్లెలు కోడ్ తెరిచింది. పట్టికని తెర మీదికి పంపే చోట, చివరి వరుస తర్వాత, ఇంకో వరుస చేర్చింది. ఈ అంకె తప్పనిపిస్తే ఎవరైనా సరే ఇక్కడికి రాయండి, ఏ భాషలోనైనా రాయండి అని. కింద చిరునామా ఇచ్చింది. అక్షరాలు పట్టిక కన్నా సన్నగా కనిపిస్తున్నాయని సరిచేసింది. ప్యాకేజీ కట్టి, ఒకసారి పరీక్షించి, పంపింది.

"అయిందా?" అంది అక్క.

"అయింది."

"పద, షాపు దగ్గర దింపుతాను. ఈ ఒక్కరోజూ నా బస్సెక్కు."

షాపు తెరవడానికి ఇంకా మూడు గంటలుంది. అయినా చెల్లెలు లాప్‌టాప్ మూసి లేచింది.